ఏడో అంశం

ఒంగోలు జిల్లా పరిషత్తు మీటింగు హాల్లో
వెనక వరస, కిటికీ పక్క కుర్చీ నాది.
పదకొండేళ్లుగా మినిట్స్ రాస్తున్నాను.
కోపాన్ని ‘ప్రస్తావించారు’ అంటాను.
ఏడుపుని ‘దృష్టికి తెచ్చారు’ అంటాను.
ఆ రెండు మాటలతోనే
బీరువాడు రిజిస్టర్లు నింపాను.

ఆ రోజు ఏడో అంశం చీమకుర్తి రోడ్డు.
రాళ్ల లారీలు, దుమ్ము, బైపాసు.
గోడకి మ్యాపు తగిలించారు.
పచ్చ గీత చెట్లంట, ఎర్ర గీత బైపాసంట,
నీలం చుక్కలేమిటో చెప్పాల్సిన ఇంజనీరు
సెలవులో ఉన్నాడు.

కాలుష్యం ఆఫీసాయన దుమ్ముని మైక్రోగ్రాముల్లో చదివాడు.
రవాణా ఆయన రాళ్లని టన్నుల్లో చదివాడు.
ఆ రెంటికీ మధ్య ఎక్కడో
మాల్యాద్రి అనే డ్రైవరు
గొలుసులేసి కట్టిన నల్లరాయి వీపున పెట్టుకుని
బడి వదిలే వేళకి బ్రేకు మీద కాలు బిగబట్టి
పిల్లల్ని దాటనిస్తుంటాడు.
ఆ కాలి నొప్పికి కొలత ఎవరూ తేలేదు.

తీర్మానం తేలిగ్గానే తేలింది.
రోజుకి రెండుసార్లు రోడ్డు తడపాలి,
ట్యాంకర్లకి టెండరు పిలవాలి.
బల్లలు చరిచారు. టీ వచ్చింది.

అప్పుడు లేచింది మస్తాన్‌బీ.
మైకు ఆమె దాకా రాలేదు, ఆమె దానికోసం చూడనూ లేదు.
“రోడ్డుకేమో పూటపూటా నీళ్లు.
మా నల్లగుండ్లపాలేనికి నాలుగు రోజులకోసారి,
అదీ కోడి కూయకముందే వచ్చి పోతయ్యి.
ఇంకేం అడగను సార్,
మా ఊరిని గూడా రోడ్డు కింద రాసుకోండి.”

నవ్వారందరూ.
నేను ‘ప్రస్తావించా’ దాకా రాసి
ఎందుకో కొట్టేశాను.
ఆమె అన్నది అన్నట్టే రాశాను.
కింద, చెయ్యి అలవాటు కొద్దీ,
‘సభ ఏకగ్రీవంగా ఆమోదించింది’ అని చేర్చాను.

మూడు నెలలకి పాత మినిట్స్ ఆమోదానికొచ్చాయి.
చదివినట్టుగా భావించడమైనది.
సంతకం మీద సంతకం, సీలు మీద సీలు,
నల్లగుండ్లపాలెం రోడ్డయింది.
పొడవు ఒకటిన్నర కిలోమీటరు.
వెడల్పు అక్కడక్కడా మారును.

ట్యాంకరు వచ్చింది, పొద్దునా సాయంత్రమూ.
మొదటిరోజు డ్రైవరు ఊరి నడిమధ్య ఆపి
ఎక్కడ చల్లాలని అడిగాడు.
బిందెలు చూపించారు.
కాశింబీ అనే ముసలామె రెండు బిందెలు నింపుకుని
మిగిలిన చెంబెడూ వాకిట్లో చల్లిందంట.
“పాపం, కాయితం అబద్ధం కాకూడదు గదా.”

ఇక్కడితో ఆపగలిగితే బాగుండేది.
నిన్న నా బల్ల మీదికి ఇంకో జాబితా వచ్చింది.
రహదారిపై ఆక్రమణలు:
ఇళ్లు అరవై నాలుగు,
అంగన్‌వాడీ ఒకటి, పీర్ల చావిడి ఒకటి,
గొర్రెల దొడ్లు రెండు.
పదిహేను రోజులలో తొలగించవలెను.

మధ్యాహ్నం మస్తాన్‌బీ వచ్చింది.
నోటీసు నాలుగు మడతలై కొంగు ముడిలో ఉంది.
కేకలేస్తుందనుకున్నాను.
కుర్చీ లాక్కుని కూర్చుంది.
గడప నుంచి నా బల్ల దాకా
బూడిద రంగు అడుగులు పడ్డాయి.
“రాసింది నువ్వేనంట గదయ్యా.”
తలూపాను.
“ఇళ్ల సంగతి తర్వాత తేల్చుకుందాం, గడువుంది.
ముందు ఆ నీళ్లు మాత్రం ఆపబాక.”

కొత్త అజెండాకి కాగితం తీశాను.
మూడు మాటలు రాశాను, మూడూ కొట్టేశాను.
మాన్యువల్లో రోడ్డు అంటే ఏమిటో
తొమ్మిది పేజీలుంది.
ఊరు అంటే ఏమిటో వెతుకుతున్నాను.
ఎదురుగా ఆమె
కుండలో నీళ్లు వంచుకు తాగి
గ్లాసు బోర్లించి
నేను పేజీ తిప్పినప్పుడల్లా చూస్తోంది.